రవి శనుల ఎడం

జాతకాలు చూడటం భీమశంకరరావుకి వృత్తి కాదు. పోర్టు ట్రాఫిక్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవాడు. కోనసీమలో చిన్నప్పుడు తాతగారి దగ్గర నేర్చుకున్న విద్య గనక, ఆదివారాలు ఎవరైనా వస్తే చూసి చెప్పేవాడు. కంచరపాలెంలో రైలు పట్టాలకి ఇవతల ఒక పెంకుటింటికి మధ్య గోడ పెట్టి రెండు వాటాలు చేస్తే, ఒక వాటాలో ఆయనా భార్య కనకరత్నం ఉండేవారు. రెండో వాటాలో అప్పలసూరి, అతని భార్య కాశమ్మ. నుయ్యి మాత్రం ఇద్దరికీ ఒకటే.

అప్పలసూరి వాళ్ల పొలాలు ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయాయి. ఫ్యాక్టరీలో పని ఇస్తారని అన్నలు ఊళ్లోనే కాచుకుని కూర్చుంటే, అతను అంతవరకు ఆగలేక పోర్టులో ఓడల సరుకు ఎత్తి దించే వించి మీద డ్రైవరుగా చేరాడు. పొద్దున్నే ఇద్దరూ ఒకే బస్సు ఎక్కేవారు. అప్పలసూరి ఎప్పుడూ భీమశంకరరావు పక్కన కూర్చునేవాడు కాదు. వెనకాల నిలబడి, "సీటు దొరికిందా పంతులు గారూ?" అని అడిగేవాడు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం శ్రావణమాసంలో కనకరత్నానికి మూడోసారి కడుపు పోయింది. అప్పటికి అయిదో నెల. ఈసారి తప్పకుండా నిలుస్తుందని చెప్పింది భీమశంకరరావే. సంతానానికి చెప్పే పంచమంలో గురువు ఉన్నాడు, దశ బాగుంది, దిగులు పెట్టుకోకు అని ఆమెకి రోజూ చెబుతూ వచ్చాడు. ఆస్పత్రి నుంచి రిక్షాలో తిరిగొస్తూ ఆమె ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

వినాయక చవితి వెళ్లిన వారంలో గోడ అవతల కాశమ్మకి పురుడొచ్చింది. ఆ రోజు ఆఫీసుకి సెలవు. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిన భీమశంకరరావుకి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అలవాటు కొద్దీ గడియారం వంక చూశాడు. చేటలో బియ్యం బాగుచేసుకుంటున్న కనకరత్నం చెయ్యి ఆగిపోయింది. చేట పక్కన పెట్టి, లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

సాయంత్రం డ్యూటీ దిగిన అప్పలసూరి తన గుమ్మం దాకా వెళ్లి, అక్కడి నుంచి తిన్నగా ఈ వాటాకే వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఆడగుంటంట బాబూ! మా అత్త లోపలికి రానీనేదు. ముందల మీ కాడికెల్లి గడియలు మంచియో కాదో అడిగొచ్చి, అప్పుడు మొకం సూడమంది. బేగా సెప్పండి, సూడాలనుంది," అన్నాడు.

భీమశంకరరావు పంచాంగం తీశాడు. కాగితం మీద గళ్లు గీశాడు. ధనుర్లగ్నం. తొమ్మిదో ఇల్లు సింహం. ఆ ఇంట్లో రవీ శనీ ఇద్దరూ ఉన్నారు.

తొమ్మిదో ఇల్లు తండ్రిది. రవి తండ్రికి కారకుడు. అక్కడ రవిని శని కలిస్తే తండ్రికి మంచిది కాదని చెప్పటం ఈ విద్యలో అందరికీ తెలిసిన సంగతే. కానీ సింహం రవికి సొంత ఇల్లు. సొంత ఇంట్లో బలంగా ఉన్నవాడిని శని చేసేది పెద్దగా ఏమీ ఉండదు. పైగా రవి రాశి చివరికి వచ్చేశాడు, శని ఇంకా సగమైనా దాటలేదు. ఇద్దరికీ మధ్య పదిహేను భాగల, అంటే పదిహేను డిగ్రీల, ఎడం ఉంది. ఒకే గడిలో రాసినంత మాత్రాన రెండు గ్రహాలు కలిసినట్టు కాదని, భాగలు చూసుకోకుండా నోరు విప్పవద్దని తాతగారు చెప్పిన మాట. భీమశంకరరావు భాగలు చూశాడు. చూసుకునే నోరు విప్పాడు.

"పితృస్థానంలో రవి, శని కలిశారు. వాళ్లిద్దరూ తండ్రీ కొడుకులే అయినా ఒకరంటే ఒకరికి పడదు," అన్నాడు. "ఈ బిడ్డకీ తండ్రికీ ఒకచోట పొసగదు. ఎడంగా ఉండటం మంచిది."

అప్పలసూరి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. మాట అర్థం కావటానికి అతనికి కొంచెం సమయం పట్టింది.

"గుంటకేటైనా అవుద్దా?"

"బిడ్డకి కాదు. నీకు."

"నాకైతే పర్లేదు బాబూ."

"నీకు ఏదైనా అయితే ఆ బిడ్డకి దిక్కెవరు?"

"ఎన్నాళ్లుండాల ఎడంగా?" అని అడిగాడు అప్పలసూరి.

"చూద్దాం," అన్నాడు భీమశంకరరావు.

అతను జిలేబీ పొట్లం అరుగు మీద పెట్టి, తన వాటా వైపు వెళ్లకుండా వీధిలోకి వెళ్లిపోయాడు. లోపలి గది తలుపు ఇంకా వేసే ఉంది. భీమశంకరరావుకి వెనక్కి పిలుద్దామనిపించింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ నిమిషంలో తన గుండెల్లో ఒక బరువు కాస్త తేలికపడినట్టు అయింది. అదేమిటో ఆయన ఆలోచించదలుచుకోలేదు.

పురుడు వెళ్లేదాకా అప్పలసూరి పోర్టులోనే ఎక్కడో పడుకున్నాడు. ఆ రోజుల్లో ఏ పొద్దున అయినా పోర్టులో అతన్ని పిలిచి నిజం చెప్పవచ్చు. భీమశంకరరావు చెప్పలేదు. చెబితే, మొదటిరోజే ఎందుకు చెప్పలేదని అడుగుతాడేమోనని భయపడ్డాడు. ఇంతలో కాశమ్మ తల్లి పోతమ్మ, తల్లినీ బిడ్డనీ తగరపువలస తీసుకుపోయింది. బిడ్డకి పైడితల్లి అని పేరు పెట్టారని తెలిసింది.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఓడలోంచి బెర్తు మీదికి ఎరువుల బస్తాలు దింపుతుంటే తాడు తెగింది. అప్పలసూరి అప్పుడే మంచినీళ్ల కోసం పక్కకి జరిగాడు. అతను అంతవరకు నిలబడ్డ చోట నిలబడిన అర్జునరావు అనే అతని కాలు నుజ్జయిపోయింది. ఆ సాయంత్రం అప్పలసూరి వచ్చి భీమశంకరరావు కాళ్ల మీద పడ్డాడు.

"మీ మాట యిన్నాను గాబట్టే బతికినాను బాబూ! గుంట నా కాడుంటే ఈపాటికి నానుండీవోణ్ని కాదు," అన్నాడు.

భీమశంకరరావు అతన్ని లేవదీశాడు. అది నిజం కాదు అనటానికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ అప్పటికే గుమ్మం దగ్గర నలుగురు పోగవటంతో ఆయన ఆ మాట అనలేదు. నెల తిరిగేసరికి పెందుర్తి నుంచి కూడా జాతకాలు పట్టుకుని మనుషులు రావటం మొదలుపెట్టారు. ఆఫీసులో పెద్దవాళ్లు కూడా ఆయన్ని పేరు పెట్టి పిలవటం మానేసి పంతులు గారూ అనసాగారు. ఆయన ఆ తర్వాత ఏ జాతకం చూసినా భాగలు రెండుసార్లు లెక్కకట్టుకునేవాడు. చెడు కనిపిస్తే సగం మింగేసేవాడు. అయినా వచ్చేవాళ్లు తగ్గలేదు.

పిల్లకి పాలు మాన్పించాక కాశమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి తగరపువలస వెళ్లి, చీకటి పడేవేళకి వచ్చేది. అప్పలసూరి బస్టాండు దాకా వెళ్లి దిగబెట్టేవాడు. అక్కడి నుంచి ముందుకు ఒక్క అడుగు వేసేవాడు కాదు. పిల్ల పాదం కొలత దారంతో తీసుకురమ్మని భార్యకి చెప్పేవాడు. ఆ దారం జేబులో వేసుకుని పూర్ణా మార్కెట్టుకి వెళ్లి చెప్పులు కొనేవాడు. చెప్పుల కొట్టతను పిల్లని తీసుకురావయ్యా అంటే, "ఊరెల్లింది," అనేవాడట. ఈ సంగతి భీమశంకరరావుకి బస్సులో అప్పలసూరే నవ్వుతూ చెప్పాడు. భీమశంకరరావు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కనకరత్నానికి మళ్లీ కడుపు రాలేదు. కాశమ్మతో మాత్రం స్నేహం కుదిరింది. ఎనభై నాలుగో సంవత్సరంలో ఒక ఆదివారం, ఇంట్లో తోచక, ఆమె కూడా కాశమ్మ వెంట తగరపువలస వెళ్లింది. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని గుమ్మంలో కూర్చుంది.

"పిల్ల ఎలా ఉంది?" అని అడిగాడు భీమశంకరరావు.

"చక్కగా ఉంది. అప్పలసూరి పోలికే. అవే కళ్లు," అంది కనకరత్నం. "వాళ్లమ్మని పక్కకి తీసుకెళ్లి ఏవడిగిందో తెలుసాండీ? నాన్న సచ్చిపోయినాడా అని. వీధిలో పిల్లలు అంటున్నారట. బతికే ఉన్నాడంటే, మరి నానంటే ఇష్టం నేదా అంది. కాశమ్మ బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే వచ్చింది. మీరే కదా చెప్పింది, ఇంకా ఎన్నాళ్లండీ? ఆ గ్రహాలకి ఒక గడువంటూ ఉండదా?"

భీమశంకరరావుకి ఆ జాతక చక్రం వెతికి తీయాల్సిన పని లేకపోయింది. రవి ఎక్కడ, శని ఎక్కడ, మధ్య ఎడం ఎంత అన్నది ఒక్కరోజైనా ఆయన మరిచిపోతేగా!

మరునాడు సాయంత్రం పోర్టు గేటు బయట టీ కొట్టు దగ్గర అప్పలసూరి కోసం నిలబడ్డాడు. అతను రాగానే ఒక పక్కగా బల్ల మీద కూర్చోబెట్టాడు.

"అప్పలసూరీ, నేను నీకు ఒక సంగతి చెప్పాలి. నీ కూతురి జాతకంలో నేను చెప్పినంత దోషం లేదు. అసలు లేదు. నేను తప్పు చెప్పాను."

అప్పలసూరి నవ్వాడు. "ఏటి బాబూ ఆ మాట? అయితే ఆ పొద్దు తాడు తెగలేదేటి? అర్జునరావు కాలు పోలేదేటి?"

"తాడు తెగటానికీ నీ కూతురికీ సంబంధం లేదు. నీకు దాహం వేసింది, పక్కకి వెళ్లావు. అంతే. రవి సొంత ఇంట్లో ఉన్నాడు, శని దూరంగా ఉన్నాడు. ఆ రోజే నాకు తెలుసు."

"తెలుసా?"

"తెలుసు."

అప్పలసూరి టీ గ్లాసు పక్కన పెట్టాడు. నవ్వు పోయింది. తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"మరయితే నా కూతుర్ని ఆరేళ్లు ఉత్తినే ఒగ్గేసినానా?" అన్నాడు. "దాని నడక సూడనేదు. దాని మాట యిన్నేదు. ఉత్తినేనా? అలగనకండి బాబూ. మీకు దణ్ణం పెడతాను, అలగనకండి. దోసం ఉంది. ఉంటేనే నాను సేసింది తండ్రి సేసే పని. నేకపోతే నానేటవుతాను?"

భీమశంకరరావు అతని భుజం మీద చెయ్యి వేయబోయాడు. అప్పలసూరి ఆ చెయ్యి అందకుండా లేచి, టీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజు బస్సులో అతను లేడు.

తెల్లవారి భీమశంకరరావు నూతి దగ్గర నీళ్లు తోడుకుంటుంటే కాశమ్మ బిందె పట్టుకుని వచ్చింది. కనకరత్నం అప్పటికి నిద్ర లేవలేదు. కాశమ్మ బిందె కింద పెట్టి, ఆయనకి ఎదురుగా నిలబడింది. ఎప్పుడూ ఆమె అలా ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు.

"మీరేటి సెప్పినారో ఆయన నాకు సెప్పినాడు," అంది. "అన్నం తిన్నేదు. నిద్దరోనేదు. గోడేపు తిరిగి పడుకున్నాడు."

"నేను పాపం చేశాను కాశమ్మా."

"నాకు తెలుసు బాబూ. ఆ పొద్దే అనుమానం వచ్చింది. అమ్మగారికి అలగయి నెలయినా కానేదు. ఈయన జిలేబీలు అట్టుకుని మీ కాడికెల్తానంటే మంచం మీంచి వద్దని కేకేసినాను. ఇప్పుడొద్దు, ఆ ఇంట్లో మనసులు బాగోనేదు అన్నాను. ఆయనకి ఇనబడనేదు." ఆమె కళ్లలో నీళ్లు లేవు. "గోడకి ఇటుపక్క నానున్నాను. మీ మాటలు యిన్నాను. మీ గొంతు మంచిగా నేదు. అయినా శాస్త్రం కదా, తప్పయితే నా మొగుడు పోతాడేమోనని నోరు మూసుకున్నాను. నా తప్పూ ఉంది."

"నీ తప్పు ఏమీ లేదు. నేను మళ్లీ అతనితో మాట్లాడతాను. నమ్మేదాకా చెబుతాను."

"వద్దు!" అంది కాశమ్మ గట్టిగా. తర్వాత గొంతు తగ్గించింది. "నమ్మితే మనిషి మిగలడు. దోసం తీరిపోయిందని సెప్పండి. ఏదో శాంతి సేయిస్తే సాలని సెప్పండి. నా కూతురు నా ఇంటికి రావాల. తండ్రి దాన్ని ఎత్తుకోవాల. నాకు అంతే. మీ పాపం మీరు మీ దేముడి కాడ సెప్పుకోండి. నా మొగుడి మీద ఎట్టకండి."

ఆమె నీళ్లు తోడుకోకుండానే ఖాళీ బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం భీమశంకరరావు పంచాంగం చంకలో పెట్టుకుని మొదటిసారి ఆ వాటా గుమ్మం ఎక్కాడు. అప్పలసూరి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నిన్న నేను సరిగా చెప్పలేకపోయాను," అన్నాడు భీమశంకరరావు. తడబడకుండా చెప్పటానికి ఆఫీసు నుంచి వచ్చే దారంతా మాటలు కూర్చుకున్నాడు. "దోషం ఇప్పుడు లేదు అనబోయి, అసలు లేదు అన్నాను. శని ఇప్పుడు తులలో ఉచ్చలో ఉన్నాడు. రవి మీద ఆ పగ తీరిపోయింది. శాంతి చేయించి, తైలంలో బిడ్డ ముఖం చూసి, ఇంటికి తెచ్చుకోవచ్చు."

అప్పలసూరి ఆయన మొహం వంక తేరిపార చూశాడు. నమ్మాడో, నమ్మదలుచుకున్నాడో భీమశంకరరావుకి ఎప్పటికీ తెలియలేదు. "మరి నిన్న నా గుండె ఆగిపోనాది కదా బాబూ!" అని, ఒక్కసారి భోరున ఏడ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కాశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

శాంతి చేయించటానికి నీలకంఠం అనే పురోహితుణ్ని పిలిచారు. పోతమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని పొద్దుటి బస్సులో దిగింది. పిల్లకి ఎర్ర గౌను, తండ్రి కొన్న చెప్పులు. నీలకంఠం చెప్పినట్టు మధ్యలో పంచె అడ్డం పట్టి, కంచు పళ్లెంలో నువ్వుల నూనె పోసి పెట్టారు. హోమం అయ్యాక పంచెకి ఇటువైపు నుంచి పిల్లని, అటువైపు నుంచి తండ్రిని ముందుకి వంగమన్నారు. అలా చూసేది మామూలుగా పురిటి బిడ్డల ముఖం. ఈ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని తనే పళ్లెంలోకి తొంగి చూసింది.

"అమ్మా, ఇందల ఎవులో ఉన్నారే!" అంది.

"మీ నాన్నే," అంది కాశమ్మ.

"నాన్న నూనెలో ఉంటాడా?"

వచ్చినవాళ్లందరూ నవ్వారు. పోతమ్మ కూడా నవ్వింది. అప్పలసూరి నవ్వలేదు. పళ్లెం మీద వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. కన్నీళ్లు నూనెలో పడి రెండు ముఖాలూ చెదిరిపోతుంటే, పిల్ల అవి మళ్లీ కుదుటపడేదాకా ఓపిగ్గా కాచుకుని చూసింది. పంచె తీసేశాక మాత్రం తల్లి వెనక్కి వెళ్లి దాక్కుంది. అప్పలసూరి రెండు చేతులూ చాపి, దగ్గరికి రమ్మని పిలవటానికి ఏ మాట వాడాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

తర్వాత అతను కొత్త పంచెల చాపు, అరటిపళ్లు, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టి తెచ్చి భీమశంకరరావు పాదాలకి మొక్కాడు. పదిమంది చూస్తున్నారు. పుచ్చుకోకపోతే అప్పలసూరికి మళ్లీ అనుమానం వస్తుంది. భీమశంకరరావు పుచ్చుకున్నాడు. కాశమ్మ ఆయన వంక చూడలేదు.

ఇంటికొచ్చాక కనకరత్నం సంతోషంగా ఆ పంచెల చాపు విప్పి చూసింది. "పోనీలెండి, ఇన్నాళ్లకి దోషం తీరింది," అంది. గోడ అవతల పిల్ల తగరపువలస వెళ్లిపోతానని ఏడుస్తోంది. అమ్మమ్మ కావాలంటోంది. అప్పలసూరి ఏదో నెమ్మదిగా చెబుతున్నాడు. ఆ ఏడుపు వింటూ భీమశంకరరావు ఇంకా దాచలేకపోయాడు. ఆ సాయంత్రం ఏం చూశాడో, ఏం చెప్పాడో, ఎందుకు చెప్పాడో అంతా భార్యకి చెప్పాడు. జిలేబీ పొట్లం సంగతీ, ఆమె వేసుకున్న తలుపు సంగతీ కూడా చెప్పాడు.

కనకరత్నం పంచెలు మడత పెట్టటం ఆపేసింది.

"అంటే నాకు పిల్లలు లేరని, ఆ పిల్లకి తండ్రి లేకుండా చేశారా?" అంది.

"ఆ రోజు నాకు అలా తెలియలేదు."

"నా దుఃఖం నేను పడ్డాను. ఎవరి మీదా పెట్టలేదు. కాశమ్మ బిడ్డకి నేనే తలంటు పోయాలని కూడా అనుకున్నాను. ఆ రోజు తలుపేసుకున్నది ఏడుపు వినలేక కాదండీ. నా ఏడుపు పచ్చి బాలింతకి వినబడకూడదని." ఆమె ఆ పంచెల చాపు పక్కకి తోసేసింది. "నా పేరు మీద మీరు ఇంత పని చేసి, ఆరేళ్లు నా చేత అన్నం వడ్డించుకు తిన్నారా?"

ఆమె ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్లు ఆయన ఎదురుగా కూర్చుని భోజనం మాత్రం చేయలేదు.

ఆదివారం వచ్చినవాళ్లకి భీమశంకరరావు ఇక జాతకాలు చూడనని చెప్పాడు. కొందరు బతిమాలారు. కొందరు, అప్పలసూరి కూతురి విషయంలో పేరొచ్చేసరికి పంతులుగారికి గర్వం పట్టిందన్నారు. ఆయన ఎవరికీ కారణం చెప్పలేదు. చెబితే అది తిరిగి తిరిగి అప్పలసూరి చెవిన పడుతుంది.

పైడితల్లిని దగ్గర్లోని బడిలో వేశారు. మొదట్లో తండ్రి అన్నం కలిపి ముద్ద పెడితే తినేది కాదు. అతను ఇంట్లోకి వస్తే వెళ్లి తల్లి పక్కన చేరేది. రోజులు గడిచాయి. పరాయి మనిషి దగ్గర కూర్చున్నట్టు అతని మంచం పట్టె మీద ఒక మూల కూర్చుని, తగరపువలస కబుర్లు చెప్పటం మొదలుపెట్టింది. అప్పలసూరి అన్నీ వినేవాడు. అమ్మమ్మ మేకల పేర్లు, ఏ పిల్ల ఎవరిని కొట్టింది, చెరుకు బళ్లు ఎటుపోతాయి, అన్నీ. చెప్పినదే మళ్లీ చెప్పినా వినేవాడు.

ఒకరోజు బస్సులో, ఎప్పటిలాగే వెనకాల నిలబడి, అప్పలసూరి భీమశంకరరావు మీదికి వంగాడు.

"గుంటకి పన్నూడింది బాబూ. నా సేతిలో ఎట్టింది," అన్నాడు.

"మంచిది," అన్నాడు భీమశంకరరావు.

"మొదటి పన్ను కాదంట. అయి అక్కడే ఊడిపోనాయంట." అప్పలసూరి పైకడ్డీ పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాడు. "పోన్లెండి. మీ దయవల్ల ఇదైనా సూసినాను."

బస్సు కాన్వెంట్ జంక్షన్ దాటి పోర్టు గేటు వైపు తిరిగింది. భీమశంకరరావు లేచి, తన సీట్లో అప్పలసూరిని కూర్చోమన్నాడు. అతను ఎంతకీ కూర్చోలేదు. గేటు వచ్చేదాకా ఇద్దరూ ఆ ఖాళీ సీటు పక్కనే నిలబడ్డారు.